పుట్టిలో ఎదురు బరువు

మా ఇంటి అరుగు మీద కూర్చుంటే ఇప్పుడు వంతెన స్తంభాలు కనిపిస్తాయి. కృష్ణ నడుమ గడ్డ మీద ఉన్న చిన్న ఊరు మాది. ఇటు ఒడ్డుకు పోతే ఆత్మకూరు, అటు ఒడ్డుకు పోతే గద్వాల, మధ్యలో రెండు దిక్కులా నీళ్ళే. వంతెన పూర్తయితే ఆటో నేరుగా ఇంటి ముందుకే వచ్చి ఆగుతుందని ఊరంతా సంబరపడుతోంది. నాకూ సంబరమే. కాకపోతే ఆ స్తంభాలను చూసిన ప్రతిసారీ నా కళ్ళు రేవు పక్కన తుమ్మచెట్టు కింద బోర్లించిన పుట్టి మీదికి పోతాయి. వనపర్తిలో డిగ్రీ చదివే నా కూతురు అది కనిపెట్టి ఆటపట్టిస్తుంది. ఊరంతా వంతెన వైపు చూస్తుంటే నువ్వొక్కదానివి ఆ బుట్టను చూస్తావేమిటని దాని ప్రశ్న. దానికేం తెలుసు? ఆ బుట్టను నడిపిన మనిషి ఒకనాడు ఒక మాట ఒప్పుకోకపోయి ఉంటే, దాని తండ్రి ఇప్పటికీ ఏడాదిలో సగం పైగా పూణేలో ఇటుకలు మోస్తూ ఉండేవాడు.

నేను పుట్టింది బిజినేపల్లి దగ్గరి పల్లెలో. మాకు నీళ్ళంటే బోరు పైపులోంచి వచ్చేవే, అవి కూడా కరెంటు ఉన్నప్పుడు. పెళ్ళై అత్తవారింటికి వస్తూ ఆత్మకూరు వైపు రేవులో ట్రాక్టరు దిగినప్పుడు అన్ని నీళ్ళు ఒక్కచోట చూడడం అదే మొదలు. ఆ నీళ్ళ అంచున వెదురుబద్దలతో అల్లి, పైన గోనెపట్టా చుట్టి తారు పూసిన పెద్ద గుండ్రటి బుట్ట తేలుతోంది. అదే పుట్టి అన్నారు. దానిలోనే ఎక్కాలన్నారు.

పుట్టి నడిపే ఆయన అప్పటికే నెరిసిన మనిషి. ఊళ్ళో ఒకరికి పెద్దనాన్న, ఒకరికి తాత, వరసకు నాకు మామ అయ్యాడు. తెడ్డు పట్టుకొని ఒడ్డున నిలబడి, ఎక్కబోయే ఒక్కొక్కరినీ తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసేవాడు. ఆ చూపే ఆయన తూకం. ఎవరి ఎదురుగా ఎవరు కూర్చోవాలో ఆయనే చెప్పాలి, చెప్పిన చోటే కూర్చోవాలి. బుట్టకు ముందూ వెనకా ఉండవు కాబట్టి ఒక వైపు ఎంత బరువుంటే ఎదురు వైపు అంతే ఉండాలి. మా ఆయన కొత్త పెళ్ళికొడుకు కదా, నా పక్కన సర్దుకోబోయాడు. మామ తెడ్డు అడ్డం పెట్టాడు.

"ఆలుమగలు ఇంటికాడ పక్కపక్కన గూసోండ్రి. ఈడ బరువు సూసి గూసోవాలె. ఎదురు బరువు లేకుంటె పుట్టి ఒరుగుతది" అన్నాడు.

నన్ను ఒక యూరియా బస్తాకు ఎదురుగా కూర్చోబెట్టాడు. కోడలు బస్తాకు సరితూగిందని ఆడబిడ్డలు ఒడ్డు చేరేదాకా నవ్వారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వారం రోజులు ఆ ముసలాయనతో మాట్లాడలేదు. ఆయన ఆ సంగతి గమనించను కూడా లేదని తర్వాత తెలిసింది.

ఊళ్ళో కాలు పెట్టాక అర్థమైంది, ఇక్కడ ప్రతిదానికీ నీళ్ళ దాకా ఒక ధర, నీళ్ళు దాటాక ఒక ధర ఉంటుందని. కొనేటప్పుడు సిమెంటు బస్తా మీద, ఎరువు మీద, చివరికి ఉప్పు మీద కూడా దాటింపు ఖర్చు పడేది. అమ్మేటప్పుడు వేరుశనగ బస్తా మీద అదే ఖర్చును వ్యాపారి కోసుకునేవాడు. అంటే రెండు వైపులా మేమే ఇచ్చుకునేవాళ్ళం. భూమికి మాత్రం వంక పెట్టే పని లేదు. ఏటేటా నది వేసిపోయే ఒండ్రు. మా అత్త ఆ ఒండ్రులో వంకాయ, బెండ పెట్టేది. ఆ వంకాయలు ఎంత నున్నగా ఉండేవంటే, కొయ్యడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.

అయితే ఆ వంకాయలు గద్వాల మార్కెట్టుకు చేరాలి. అక్కడ వేలం పాట తెల్లవారకముందే మొదలవుతుంది. హోటళ్ళ వాళ్ళూ, ఊళ్ళలో దుకాణాలు నడిపే వాళ్ళూ మంచి సరుకు ఎత్తుకొని పొద్దు పొడిచేసరికి వెళ్ళిపోతారు. మా పుట్టిలో నలుగురు మనుషులు, ఆరేడు గంపలు పడితే ఎక్కువ. మనిషి ఎక్కాలంటే గంప దిగాలి, గంప ఎక్కాలంటే మనిషి దిగాలి. గాలి ఎదురైతే పుట్టి ముందుకు పోకుండా ఉన్నచోటే గిరగిర తిరిగేది. ఊరందరి గంపలూ నాలుగు విడతలుగా దాటి, ఆ ఒడ్డున ఆటో దొరికి, మార్కెట్టులో దిగేసరికి ఎండ చుర్రుమనేది. ఇక మిగిలిన వాళ్ళు అడిగిన రేటుకు కుప్పగా పోసి ఇచ్చి రావడమే.

అందుకే దసరా వెళ్ళగానే మా ఆయన పూణే బయలుదేరేవాడు. ఊళ్ళో కాళ్ళూ చేతులూ బాగున్న మగవాళ్ళంతా అంతే. పెళ్ళైన మొదటి ఏడు ఆయన పుట్టిలో కూర్చొని దూరమవుతుంటే రేవులో నిలబడి చూశాను. చెయ్యి ఊపుతాడేమో అనుకున్నాను. బరువు కదిలితే పుట్టి ఊగుతుందని మామ ఎవరినీ చెయ్యి ఎత్తనివ్వడు. ఆయన బొమ్మలా కూర్చొని వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు నది మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంటికొచ్చి తలుపు వేసుకొని ఏడ్చాను.

ఆ తర్వాత నెలకు మా అత్తకు ఒక దారి దొరికింది. గద్వాల మార్కెట్టులో ఒక ముస్లిం వ్యాపారి ఉండేవాడు, అందరం భాయ్ అనేవాళ్ళం. మాట కటువు, తూకం సరి. మా వంకాయలు ఆయనకు నచ్చాయి. ఒక పెద్ద పెళ్ళి వంటకు సరుకు కావాలి, పొద్దు పొడవకముందే అన్ని గంపలూ తేగలిగితే పాట రేటుకే తీసుకుంటాను, మాట నిలబెట్టుకుంటే ఇక రోజూ మీ దగ్గరే కొంటాను అన్నాడట. అత్త ఇంటికొచ్చి ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది. రోజూ కొనేవాడు దొరికితే కొడుకును వెనక్కి పిలిపించుకోవచ్చని చెప్పి నా మొహంలోకి చూసింది. నేను ఆ రాత్రికి రాత్రే వంకాయలు కోసేద్దామా అన్నంత పని చేశాను.

ఆ రోజు మామ మా గంపల కోసం మొదటి విడతే ఇచ్చాడు. ఇంకా మసక చీకటి ఉండగానే అత్త గంపలతో వెళ్ళిపోయింది. నాకు పట్టలేని సంతోషం. చేతికి పని ఉంటే తప్ప నిలవలేననిపించి బట్టల మూట తీసుకొని రేవుకు పోయాను. ఆ మూటలో నా పెళ్ళిచీర ఉంది, ఎర్రటి గద్వాల చీర. వానల్లో అంచుకు బురద మరకలు పడ్డాయి. జాగ్రత్తగా ఉతికాను. ఆరేద్దామంటే చుట్టూ తుమ్మముళ్ళు, జరీ చిరిగిపోతుంది. రేవు గట్టు మీద ఒక వెదురు గడ పాతి ఉంది. నున్నగా, ఎత్తుగా, గాలికి ఎదురుగా. ఇంత మంచి గడను ఎవరూ వాడరేమని ఆశ్చర్యపోయి, చీర కొసను పైకంటా కట్టి వదిలాను.

మా ఊరి కట్టుబాటు ఒకటి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని వాళ్ళకు తోచనే లేదు, పుట్టుకతోనే తెలిసే విషయం అనుకున్నారు. ఆ గడకు తెల్లగుడ్డ కడితే రేవులో మనుషులు కాచుకొని ఉన్నారని. ఎర్రగుడ్డ కడితే ఊళ్ళో ఎవరి ప్రాణం మీదికో వచ్చిందని, పాము కరిచిందో, నొప్పులు మొదలయ్యాయో, దవాఖానకు పోవాలని. ఎర్రగుడ్డ కనిపిస్తే పుట్టి ఎక్కడ ఉన్నా, ఏ బరువుతో ఉన్నా, తిరిగి రావలసిందే.

మా అత్త పుట్టి అప్పటికి ముప్పావు నది దాటింది. మామ వెనక్కి చూశాడు, తెడ్డు తిప్పాడు. చీర ఎగురుతుంటే ముచ్చటగా చూస్తున్న నాకు పుట్టి తిరిగి వస్తోందని తెలియగానే ఏమీ పాలుపోలేదు. ఊళ్ళోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఎవరికేమైందని అందరూ అందరినీ అడుగుతున్నారు. పుట్టి ఒడ్డుకు తగలకముందే అత్త మోకాలి లోతు నీళ్ళలోకి దూకి, నన్ను చూసి, నా ఒళ్ళంతా తడిమి, నేను బాగానే ఉన్నానని తెలిశాక అప్పుడు గడ వైపు చూసింది. అది తను పెట్టిన చీరే. చీర విప్పి నా చేతిలో పెట్టి మళ్ళీ పుట్టి ఎక్కింది. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ దాటి గద్వాల చేరేసరికి భాయ్ ఇంకొకరి సరుకు ఎత్తించేశాడు. పెళ్ళివాళ్ళు ఆగరు కదా. అత్త వంకాయలు కుప్ప రేటుకు పోసి వచ్చింది. పూణేకు ఫోన్ చెయ్యలేదు. ఆ రోజు పొద్దు వాలేదాకా నేను నాలుగు గోడల మధ్య నుంచి బయటికి రాలేదు. సాయంత్రం మామ మా అరుగు మీదికి వచ్చాడు. నా మీద నాకున్న కోపమంతా ఆయన మీదికి మళ్ళించాను. గడ దగ్గర మనిషి లేడు, ఏడుపు లేదు, అది ఉత్త చీర అని కనిపించలేదా, అంత గుడ్డిగా వెనక్కి రావాలా అని అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"ఎర్రగుడ్డ కనవడితె వస్త బిడ్డా. అబద్ధమైనా వస్త. ఒక్కనాడు రాకపోతె, నిజమైననాడు ఆ గుడ్డను ఎవరు నమ్ముతరు?"

తప్పు నాదైనప్పుడే నా నోరు ఎక్కువ లేస్తుంది. అదే ఇంజన్ పడవ ఉంటే గంపలు దింపేసి కూడా ఆ వేళకే రెండుసార్లు తిరిగి వచ్చేదని విసురుగా అనేశాను. సోమశిల వైపు అలాంటివి తిరుగుతాయని మా పుట్టింట్లో విని ఉన్నాను. ఆయన తల ఊపి లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాట అరుగు మీద విన్నవాళ్ళు ఊళ్ళో చెప్పారు. ఎండాకాలం చివర మగవాళ్ళు పూణే నుంచి వచ్చాక అది పెద్ద చర్చ అయింది. ఇంటికి ఇంతని వేసుకొని ఒక మరపడవ కొందామని, దానికి ఒక వేళ పెట్టుకొని తొలికోడికే కదిలిద్దామని అనుకున్నారు. ఆ కూటానికి మామ రాలేదు. పుట్టి బోర్లించుకొని దానికి తారు పూస్తూ కూర్చున్నాడట. ఆయన రాకపోతే ఆత్మకూరు ఒడ్డు నుంచి నడిపేవాణ్ణి పెట్టుకుందామని కొందరన్నారు. మా రాళ్ళు, మా సుడులు తెలియని మనిషి పడవలో చీకట్లో గంపలతో ఎక్కడానికి ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. అక్కడే ఆగిపోయింది. దసరా దగ్గరపడుతోంది. మా ఆయన సంచి దులిపి ఎండలో వేశాడు.

ఆ సంచిని చూసి నేను ఇంట్లో నిలవలేక మామ దగ్గరికి పోయాను. ఆయన తారు డబ్బా పక్కన కూర్చొని ఉన్నాడు. ఇంజన్ రాదనో, కళ్ళు ఆనవనో చెప్తాడనుకున్నాను. ఆయన బాధ వేరే.

"ఇంజన్ పడవల ఎవరు యాడ గూసున్నా అది పోతది. బరువు సూసేదేముంది? ఇగ నన్ను అడిగేటోడు ఎవడు బిడ్డా?" అన్నాడు.

నది మీద ఇన్నేళ్ళు మనుషుల బరువు చూసిన మనిషికి తన బరువు మీద నమ్మకం పోయింది. నాకు తీయగా మాట్లాడడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మామా, దసరా ఎల్లంగనె మా ఆయన పూణెకు పోతడు. తొలికోడికి పడవ కదిలితె పోడు. నువ్వు నడిపితేనే మా అత్త ఎక్కుతది. గంతే నాకు తెలిసింది."

ఆయన తారు డబ్బాకు మూత పెట్టాడు. తర్వాత ఇంజన్ నేర్చుకోవడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. రెండు షరతులు పెట్టాడు. పడవ ఏదైనా సరే, ఎర్రగుడ్డ కట్టుబాటు పోకూడదు. రెండోది, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తనే చెప్తాడు. ఇరవై ముప్పై మందిని, గుట్టలా పోసిన గంపలను మోసే పడవలో అది నవ్వులాటే. ఊరు ఒప్పుకుంది. ఆ తర్వాత ఆయన దిగిపోయేదాకా మేమంతా ఆయన చూపించిన చోటే కూర్చున్నాం.

పడవ మొదటిసారి మార్కెట్టుకు పోయిన పొద్దున నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఎవరి గంపా దిగలేదు, ఏ మనిషీ దిగలేదు. ఇంజన్ చప్పుడుకు గట్టు మీది కొంగలన్నీ లేచాయి. ఆ ఒడ్డున దిగి గద్వాల చేరేసరికి భాయ్ ఇంకా నోట్లో వేపపుల్లతోనే ఉన్నాడట. మా అత్తను చూసి, పోయినేడు రావలసిన సరుకు ఇప్పుడొచ్చిందా అని అడిగి గంపలన్నీ ఎత్తించుకున్నాడట. అత్త మార్కెట్టులో కూర్చొని చాయ తాగడం అదే మొదటిసారి. పదిన్నరకల్లా ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి దొంతి పెట్టుకొని ఇంటికొచ్చింది. మా ఆయన సంచిలో బట్టలు సర్దుతున్నాడు. అత్త గంపలు దింపింది, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ యాడాది పోకు కొడుకా" అంది.

ఆయన ఎందుకని కూడా అడగలేదు. సంచి దండెం మీద పడేసి చేనుకు పోయాడు. నేను వంటింట్లో నిలబడి సంతోషంతో ఏడ్చాను. ఆ సంచిలోనే తర్వాత మా కూతురి ఉయ్యాల గుడ్డలు దాచుకున్నాం.

ఒక్క పడవకు ఇంత మారుతుందా అంటే మారింది. వేళకు కదిలే పడవ ఉందని తెలిశాక ఊళ్ళో వాళ్ళు పూలు పెట్టారు, పాలు పోయడం మొదలుపెట్టారు. వేరుశనగ వ్యాపారి తనే తూకంకాటా పడవలో వేసుకొని మా గడ్డకు వచ్చాడు, పాత కోత మాట ఎత్తితే ఆడవాళ్ళు ఊరుకోలేదు. సిమెంటు వస్తే ఇళ్ళు లేచాయి. ఊరి బడి మాస్టరు రోజూ రావడం మొదలైంది, రానందుకు చెప్పడానికి ఆయనకిక సాకు లేకపోయింది. అంతకుముందు మా ఊరికి పిల్లనివ్వడానికి నీళ్ళు చూసి జంకేవాళ్ళు, ఆ తర్వాత వంకాయల రేటు అడగసాగారు. దసరా తర్వాత పూణే వెళ్ళే మగవాళ్ళు ఏటేటా తగ్గారు. నా కూతురు పడవ దిగి, ఆత్మకూరులో బస్సెక్కి బడికి పోయి, అక్కడి నుంచి వనపర్తి కాలేజీ దాకా పోయింది.

మామ చూపు మందగించాక పడవ మా ఆయన చేతికి వచ్చింది. ఇంజన్ మామ నేర్పిందే. అయినా ఆ పెద్దాయన ఏటా పుట్టికి తారు పూయడం మానలేదు. ఇంకా దేనికని అడిగితే, తను పోయాక ఆత్మకూరు ఒడ్డున తన వాళ్ళ పక్కన పూడ్చాలని, అక్కడికి మాత్రం ఈ చప్పుడు బండిలో తీసుకుపోవద్దని చెప్పేవాడు.

పోయిన వానాకాలం ఒక పొద్దున, మా ఆయన గంపలన్నీ వేసుకొని గద్వాల ఒడ్డు వైపు వెళ్ళిన కాసేపటికి మామ పోయాడని తెలిసింది. నేను మా ఆయనకు ఫోన్ చేశాను. ఇంజన్ చప్పుడులో ఆయనకు వినిపించదని నాకు తెలుసు, అయినా చేశాను. ఆ తర్వాత ఇంట్లోకి పోయి పెట్టె తెరిచి ఎర్రచీర తీశాను. ఇన్నేళ్ళలో దాన్ని మళ్ళీ ఎప్పుడూ ఆ గడ దగ్గరికి తీసుకుపోలేదు. గట్టు ఎక్కి గడకు కొసను పైకంటా కట్టాను. పడవ నది మధ్యలో ఒక్క క్షణం ఆగింది, తర్వాత గుండ్రంగా తిరిగింది. దాంట్లో ఊరందరి వంకాయలు, పూలు, పాలు ఉన్నాయి. ఒడ్డుకు వచ్చాక ఎవరూ సరుకు గురించి అడగలేదు.

మామను ఆయన పుట్టిలోనే పడుకోబెట్టాం. ఒక వైపు మామ, తెడ్డు పట్టి మా ఆయన. పుట్టి ఒరిగింది. మా ఆయన తల ఎత్తి ఒడ్డు మీద ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. ఆ చూపు ఎవరిదో నాకు తెలుసు.

"నువ్వు గూసో" అన్నాడు నాతో.

నేను ఎదురుగా కూర్చున్నాను. పుట్టి ఈసారి నా వైపుకు ఒరిగింది. అంత తేలికైపోయాడు మా మామ. అప్పుడు మా అత్త కర్ర పోటేసుకుంటూ నీళ్ళ దాకా వచ్చి, మార్కెట్టుకు పోవలసిన వంకాయ గంపను తన చేత్తోనే పడవలోంచి దింపించి ఆయన పక్కన పెట్టించింది. పుట్టి సరిగా నిలబడింది. చెయ్యి ఎత్తకుండా, కదలకుండా, ఆయన నేర్పినట్టే కూర్చొని ఆ ఒడ్డు దాకా ఏడ్చాను. ఆ రోజు గద్వాల మార్కెట్టుకు మా ఊరి నుంచి ఒక్క గంప కూడా పోలేదు.